తలుపులు మూసి చెప్పుకున్న మాట

మాది నిజామాబాద్ కంఠేశ్వర్‌లో చిన్న కళ్ళద్దాల దుకాణం. ఒక పక్క పళ్ళ డాక్టరు, ఇంకో పక్క జిరాక్సు సెంటరు, ఎదురుగా ఆటోల అడ్డా. పొద్దంతా హారన్ల మోతే. ఆయన మొదటిసారి మా దుకాణానికి కాడ విరిగిన కళ్ళజోడు పట్టుకొని వచ్చారు. అరవై దగ్గర పడిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. బోధన్ నుంచి బస్సులో వచ్చానన్నారు. నేను కాడ బిగిస్తుంటే ఆయన వేలి ఉంగరం మీద చూపు పడింది. జామెట్రీ బాక్సులో ఉండే వృత్తలేఖినీ, వడ్రంగి మూలమట్టమూ ఒకదాని మీద ఒకటి పెట్టినట్టున్న గుర్తు. ఇంజినీరేమో అనుకున్నాను.

"ఏం గుర్తు సార్ ఇది?" అని అడిగాను.

"అడిగినవా? మంచిగైంది," అని నవ్వారు. "మా అంతట మేము ఎవ్వర్నీ పిలువం తమ్మీ. అడిగినోళ్ళకైతే చెప్తం."

అలా ఫ్రీమేసన్ అనే మాట మొదటిసారి విన్నాను. నిజానికి ఆ రోజు ఆయన చెప్పింది ఏమీ లేదు. "రాయి చెక్కే పని. రాయి మనమే," అన్నారంతే. ఆ మాటకు నేను మర్యాదకు తలూపి డబ్బులు తీసుకున్నాను. కాని ఆయన తర్వాత కూడా వస్తూనే ఉన్నారు. నిజామాబాద్‌లో ఏ పని ఉన్నా దుకాణం ముందు ఆగి, చాయ్ తాగి, కాసేపు కూర్చొని పోయేవారు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ లాబులో కెమిస్టుగా చేశారట. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్నారు. భార్య పెళ్ళికి ముందు బీడీలు చేసేదట. జీతం ఆగిపోయాక మళ్ళీ చాట ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కతే కూతురు, నాందేడ్‌లో ఇచ్చారు. ఆయన ఇంటి సంగతులు నాకు అప్పట్లో తెలిసినవి ఇంతే.

ఆ ఏడే మా బాపు పోయాడు. మా సొంతూరు ముప్కాల్‌లో మా అన్న దగ్గర ఉండేవాడు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో కళ్ళంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. దినాలు అయ్యాక వచ్చి దుకాణం తెరిచాను. వచ్చినవాళ్ళంతా పెద్దవయసు కదా, బాధ పడకుండా పోయాడు కదా అన్నారు. నిజమే. కాని నాకు ఏడుపు రాలేదు. ఏడుపు రాకపోవడమే లోపల ఒక బరువులాగా ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లోనే ఒకసారి ఆయన వచ్చి కూర్చున్నప్పుడు, "సార్, మీరు పోయేకాడికి నేను రావచ్చా?" అని అడిగాను.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఇంట్ల అడిగి చెప్పు. ఇంట్ల ఒప్పుకోకుంటే రావద్దు," అన్నారు.

ఇంట్లో అడగడమే కష్టమైంది. మేసన్లు కూడే చోటును లాడ్జి అంటారు. "ఆదివారం లాడ్జికి పోవాలె" అని చెప్పగానే మా ఆవిడ ముఖం మారిపోయింది.

"సొంత ఇల్లు పెట్టుకొని లాడ్జికి పోవుడేంది? ఎవరన్న ఇంటే ఏమనుకుంటరు?"

అది రూములు కిరాయికిచ్చే లాడ్జి కాదని చెప్పేసరికి ఇంకో అనుమానం వచ్చింది. "గాడ మతం మారుస్తరట గదా. పుర్రెలు పెడ్తరట గదా." ఊళ్ళో ఆ భవనాన్ని పాతకాలం వాళ్ళు జాదూఘర్, అంటే మాయల ఇల్లు, అనేవారు. కిటికీలు ఎప్పుడూ మూసి ఉండేవి. ఆ గోడ పక్క నుంచి పోయే పిల్లలు పరుగెత్తి దాటేవారు. చివరికి ఆయనే ఒక రోజు మా ఇంటికి వచ్చి, మా ఆవిడ చేతి చాయ్ తాగి, "చెల్లే, మాది భోజనం చేసి ఇంటికొచ్చే సంఘం. మీ ఆయన ఎట్ల పోతడో గట్లనే వస్తడు," అని చెప్పాక ఒప్పుకుంది.

లోపల జరిగేది ఇక్కడ రాయను. రాయనని మాట ఇచ్చాను కాబట్టి ఒకటి. రాస్తే చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుందని ఇంకొకటి. పెళ్ళి తంతును పెళ్ళి లేకుండా వర్ణిస్తే ఎలా ఉంటుందో అలా. నలుపు తెలుపు గళ్ళ నేల, చుట్టూ గోడవారన కుర్చీలు, మధ్యలో ఒక బల్ల. బల్ల మీద గీత, ఖురాన్, బైబిల్ పక్కపక్కనే తెరిచి ఉండేవి. మేము నడుముకు తెల్లటి చిన్న ఏప్రాన్లు కట్టుకునేవాళ్ళం. రాళ్ళు కట్టే మేస్త్రీల పనిముట్లను చూపించి మనిషి ఎలా బతకాలో చెప్పడమే మొత్తం వ్యవహారం. బట్టల వ్యాపారి ఉండేవాడు, వకీలు ఉండేవాడు, పసుపు దళారి ఉండేవాడు. అందరికంటే పెద్ద కుర్చీలో రిటైరైన ఒక హెడ్‌మాస్టర్ సాబ్ కూర్చునేవారు. తెల్ల గడ్డం, మెత్తటి గొంతు. తర్వాత అందరం కలిసి బగారన్నం తినేవాళ్ళం.

మేసన్‌గా పూర్తి కావాలంటే మూడు మెట్లు ఎక్కాలి. మూడో మెట్టు చావు గురించి. ఆ రోజు కొత్తవాడికి చావు గురించి ఒక పెద్ద ప్రసంగం చెబుతారు. అదంతా ఇంగ్లీషులో ఉంటుంది, చూడకుండా చెప్పాలి. మా లాడ్జిలో ఆ ప్రసంగం ఎన్నో ఏళ్ళుగా ఆయనదే. నా వంతు వచ్చిన రోజు నా ఎదురుగా నిలబడి ఆయనే చెప్పారు. బోధన్ యాస ఇంగ్లీషు. ఎక్కడా తొందర లేదు. ఒప్పజెబుతున్నట్టు లేదు. ఎవరో దగ్గరివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, కొంచెం కొంచెంగా ఓ కష్టమైన కబురు విప్పుతున్నట్టుగా చెప్పారు. సగంలో ఉండగా నాకు కళ్ళంలో ఒరిగిపోయిన మా బాపు కనబడ్డాడు. పసుపు ఆవిరి వాసన కూడా వచ్చింది. అన్ని నెలలు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆయన ఆగలేదు. గొంతు కొంచెం తగ్గించి, చెప్పాల్సింది చివరిదాకా చెప్పారు.

భోజనాల దగ్గర నా పక్కన వచ్చి కూర్చున్నారు.

"బాపు యాదికొచ్చిండా?"

"వచ్చిండు సార్."

"రావాలె. గందుకే చెప్పుడు." పళ్ళెం ముందుకు లాక్కొని, "నాకైతే ఫ్యాక్టరీ యాదికొస్తది, చెప్పినప్పుడల్ల," అన్నారు. "చెరుకు గానుగాడే దినాలల్ల ఊరంత బెల్లం వాసన. సైరన్ గొడితే గడియారాలు సరిజేసుకునేటోళ్ళు. మనుషులు పోతరని తెలుసు తమ్మీ. చిమ్నీ పొగ ఆగుతదని ఎవ్వరికీ తోచలె."

ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. బోధన్ మీదుగా ఎప్పుడు పోయినా పొగ లేని ఆ చిమ్నీ వైపు చూసేవాణ్ణి. ఒకప్పుడు చెరుకు బండ్లు వరుసగా నిలబడే తోవలో ఇప్పుడు వరి లారీలు పోతున్నాయి. చెరుకు వేసే రైతులు ఇంకా ఉన్నారు గాని, వేరే చోటికి తోలుకుంటారు. ఆయనకు ఆ ప్రసంగం అంత బాగా వచ్చేది ఫ్యాక్టరీ వల్లనే అనుకున్నాను. అలా అనుకొనే కొన్నేళ్ళు గడిపాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక కుర్ర వకీలుకు మూడో మెట్టు. ఆయన ఎప్పటిలాగే లేచి మొదలుపెట్టారు. సగానికి వచ్చి ఆగిపోయారు. అందరం ఆయన ఊపిరి తీసుకుంటున్నారనుకున్నాం. మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు. సరిగ్గా అదే మాట దగ్గరికి వచ్చి మళ్ళీ ఆగిపోయారు. ఆ గదిలో ఎవరూ కదల్లేదు. ఎదురుగా నిలబడ్డ వకీలుకు ఇది కూడా ప్రసంగంలో భాగమే అనిపించి ఉంటుంది, తల వంచుకొనే ఉన్నాడు. హెడ్‌మాస్టర్ సాబ్ కుర్చీలోంచి ఆ తర్వాతి మాట నెమ్మదిగా అందించారు. ఆయన దాన్ని అందుకోలేదు. అటు తిరిగి, ఆ మాట ఎప్పుడూ విననట్టు చూశారు. అప్పుడు హెడ్‌మాస్టర్ సాబ్ లేచి మిగతాది తానే పూర్తి చేశారు.

నేను స్కూటరు మీద ఆయన్ని బస్టాండుకు దింపాను. దారిలో "ఉక్కపోత మస్తుగుంది ఇయ్యాల," అన్నారు. బస్సు ఎక్కబోతూ వెనక్కి వచ్చి నా భుజం పట్టుకున్నారు.

"ఏ మాట కాడ ఆగిన తమ్మీ?"

"డార్క్‌నెస్, చీకటి అన్న కాడ సార్."

"ఆఁ," అని తలూపారు. "నువ్వు నేర్చుకో. జల్దీ నేర్చుకో."

నేను నేర్చుకున్నాను. దుకాణానికి సెలవున్న రోజు బోధన్ వెళ్తే, ఆయన నన్ను కాలువ గట్టు మీదికి తీసుకుపోయేవారు. ఇంట్లో ఆ మాటలు పలికేవారు కాదు. గట్టు మీద నడుస్తూ ఆయన ఒక వాక్యం చెప్పేవారు, నేను వెనకనే అనేవాణ్ణి. పిల్లలకు ఎక్కాలు నేర్పినట్టే. గట్టు పొడుగునా తుమ్మ చెట్లు. ఒకసారి ఒక రెమ్మ వంచి చూపించి, "మన పుస్తకాలల్ల అకేసియా అకేసియా అని ఊకె వస్తది గదా, గదే ఇది," అన్నారు. చనిపోయిన మేసన్ దగ్గర తోటివాళ్ళు ఆ చెట్టు రెమ్మ పెడతారు. ఎప్పుడూ పచ్చగా ఉంటుంది కాబట్టి, మనిషిలో ఎండిపోనిది ఏదో ఉందని దాని అర్థం. "పేరు ఇంగ్లీషుల ఇని నేను ఎంత పెద్ద చెట్టో అనుకున్న. మన చేను కంచె!" అని గట్టిగా నవ్వారు. ఆ నవ్వు చూస్తే జబ్బు మనిషి అనిపించలేదు. కాని తిరిగి వచ్చేటప్పుడు తన ఇంటి సందు దాటిపోయారు. నేను పిలిస్తే, తెలిసే దాటినట్టుగా, "జర ముందటి దాంక పోదామనుకున్న," అన్నారు.

నేను మొదటిసారి ఆ ప్రసంగం చెప్పిన రోజు ఆయన్ని గోడవారన కుర్చీలో కూర్చోబెట్టాం. నేను మొదలుపెట్టగానే ఆయన కూడా కూర్చున్నచోటి నుంచే అనడం మొదలుపెట్టారు. నాకంటే ఒక మాట ముందుగా. పైకి వినబడేటట్టే. ముందు నాకు కంగారు పుట్టింది. తర్వాత ఆయన గొంతు వెనకాలే నడిచాను, కాలువ గట్టు మీద నడిచినట్టే. ఎవరూ ఆయన్ని వద్దనలేదు. ఆ రోజు ఆయన చీకటి అన్న మాట దగ్గర ఆగలేదు. ఎక్కడా ఆగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ వింతగానే ఉంటుంది. నిలబడి చెప్పలేని మనిషి కూర్చొని అంతా చెప్పారు.

దాని తర్వాత ఆయన లాడ్జికి రాలేదు. హైదరాబాద్‌లో చూపించారు. మతిమరుపు జబ్బని, తగ్గేది కాదని డాక్టర్లు చెప్పారు. మొదట్లో ఫోను చేస్తే నన్ను గుర్తుపట్టేవారు. తర్వాత నేనెవరో గుర్తుపట్టకపోయినా మర్యాదగా "అంత మంచిదే గదా" అనేవారు. ఆ తర్వాత ఫోను చెవికి పెట్టుకొని ఊరుకునేవారు.

ఒక రోజు ఆయన భార్య నాకు ఫోను చేసింది. ఆమెను నేను అక్కా అనేవాణ్ణి.

"తమ్మీ, ఒకపారి రారాదూ? నీతోని ఒక ముచ్చటున్నది."

వెళ్ళేసరికి ఆయన కిటికీ పక్క మంచం మీద కూర్చొని ఉన్నారు. గడ్డం ఎవరో నున్నగా గీశారు. చొక్కా గుండీలు సరిగ్గా పెట్టి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్ళి వింటే, అదే ప్రసంగం. తునకలు తునకలుగా, కింది మాట పైన, పైది కింద. నన్ను చూశారు గాని ఆపలేదు.

అక్క నేల మీద కూర్చొని చాట ముందుకు లాక్కుంది. బీడీ ఆకు కత్తిరిస్తూనే మాట్లాడింది.

"పొద్దుందాక గిదే. నా పేరు మర్సిండు, బిడ్డ పేరు మర్సిండు. గీ ఇంగ్లీషు ఒక్కటి మర్వలే. పక్కింటోళ్ళు జాదూఘర్ల నేర్పిన మంత్రమంటుండ్రు. మా మరిది అయితే ఎవరన్న మంత్రగానికి సూపిద్దామంటుండు. నాకు బుగులైతుంది తమ్మీ. ఏమంటుండో నువ్వు చెప్పు."

నేను బయట చెప్పనని మాట ఇచ్చినవాణ్ణి. "ప్రార్థన లాంటిది అక్కా, భయపడేది ఏం లేదు," అన్నాను.

ఆమె చేతిలో కత్తెర ఆగింది. "గట్లనా," అంది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. చాయ్ పెట్టి ఇచ్చింది. మళ్ళీ అడగలేదు. ఆమె అడగకపోవడంతో నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

మరునాడు హెడ్‌మాస్టర్ సాబ్ ఇంటికి వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చొని ఉర్దూ పేపరు చదువుకుంటున్నారు. జరిగింది చెప్పి, ఏం చేయమంటారని అడిగాను. పేపరు మడిచి పక్కన పెట్టారు.

"మనం చెయ్యి కలిపే తీరు, మన గుర్తు మాటలు, గవి దాసుకునేటియి. మనిషి సచ్చిపోతడన్న ముచ్చట ఎవరు దాస్తే దాగుతది బేటా?" అన్నారు. "ఆమె భర్త మాట ఆమెకు అర్థం కాకుంట పోతే గది గునా, పాపం. పో, చెప్పు."

వెళ్ళాను. ఈసారి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ ప్రసంగం నేను ఎన్నోసార్లు చెప్పాను గాని, తెలుగులో ఒక్క వాక్యం కూడా ఎప్పుడూ అనుకోలేదు. బడిలో పాఠం నేర్చుకున్నట్టు ఇంగ్లీషులోనే నేర్చుకున్నాను, ఇంగ్లీషులోనే ఉంచుకున్నాను. ఇప్పుడు ఒక్కో మాటను పట్టి లాగుతుంటే కొన్ని రానేలేదు, కొన్ని చాలా చిన్నవిగా బయటికి వచ్చాయి.

"మనం పుట్టిననాడే సావు గూడ మన ఎంబడి వచ్చింది అంటుండు అక్కా. రాజైనా కూలోడైనా ఆఖరికి ఒక్క మట్టం మీదికే వస్తరని. ముందటంత చీకటే. అయినా కాలు పెట్టే జాగ మందం వెలుతురు మనకిచ్చిండు దేవుడు, గది సాలు అంటుండు. పొద్దుండంగనే చేతిల పని మంచిగ జేసుకో అని. పోయినోళ్ళ మంచి పోదు, తుమ్మ చెట్టు ఎండల పచ్చగున్నట్టు గది ఉంటది, గందుకని బుగులు పడకు అని. గింతే."

మంచం మీద నుంచి ఆయన గొంతు వస్తూనే ఉంది. అప్పుడు అక్క అన్నది విని నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

"బయటోళ్ళకు చెప్పిండు. నాకు చెప్పలే."

"అక్కా..."

"మా పిల్లగాడు పోయిననాడు గీ మాట ఒక్కటి నాకు చెప్తే ఏమైతుండె? గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. దినాలకు దినాలు మాట్లాడలే. నేనొక్కదాన్నే ఏడ్సుకున్న."

వాళ్ళకు ఒక కొడుకు ఉండేవాడని నాకు తెలియదు. అన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ పేరు ఎత్తలేదు. నడక వచ్చి, మాటలు వస్తున్న పిల్లవాడట. జ్వరం వచ్చింది. ఫ్యాక్టరీ జీపులో నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడట. కూతురు అప్పటికి ఇంకా పుట్టలేదు.

"అప్పటికి సార్ లాడ్జికి వస్తుండెనా అక్కా?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

ఆమె ఆలోచించింది. "లేదు. పిల్లగాడు పోయినంకనే పోవుడు షురూ జేసిండు. ఫ్యాక్టరీల పెద్దసారు ఒకాయన తోలుకపోయిండు. నేను గప్పుడు..." అని ఆగిపోయింది. చాట పక్కకు జరిపింది. మంచం వైపు చూస్తూ, "గందుకు పోయిండా?" అంది. అది నన్ను అడిగింది కాదు.

నాకు చెప్పింది ఫ్యాక్టరీ సంగతి. అది అబద్ధం కాకపోవచ్చు. చిమ్నీ గురించి చెప్పగలిగారు, పిల్లవాడి గురించి చెప్పలేకపోయారు. ఇంట్లో పలకలేని మాటను ఎవరో రాసిపెట్టిన ఇంగ్లీషులో, తలుపులు మూసిన గదిలో, నాలాంటి పరాయివాళ్ళ ముందు అన్నేళ్ళు పలికారు. ప్రతిసారీ కొత్తవాడికి చెబుతున్నారని మేమనుకున్నాం. ఎవరికి చెప్పుకున్నారో. మనిషి శాశ్వతం కాదని ఆ గదిలో మేము అందరం ఎంతో బాగా ఒప్పజెప్పేవాళ్ళం. కాని మనిషి పోతే ఇంట్లో మిగిలిన ఇద్దరు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకోవాలో ఆ ప్రసంగంలో ఎక్కడా లేదు.

అక్క నా చేత ఆ తెలుగు మాటలు ఇంకోసారి చెప్పించుకుంది. మరోసారి నేను వెళ్ళేసరికి అవి ఆమె మాటలైపోయాయి. నేను చెప్పిన దాంట్లో నచ్చనివి తీసేసింది, తనవి కలిపింది. ఆయన ఇంగ్లీషులో తడబడి ఆగిపోయినప్పుడు ఆమె పక్కన కూర్చొని వీపు నిమురుతూ, "కాలు పెట్టే జాగ మందం ఎలుతురున్నది, సాలు తియ్యి," అనేది. చాలాసార్లు ఆయనకు ఏమీ తెలిసేది కాదు. ఒక రోజు మాత్రం తిరిగి ఆమె వైపు చూసి, మంచి తెలుగులో, "పిల్లగానికి చెప్పినవా?" అని అడిగారట.

"నువ్వేమన్నవు అక్కా?" అని అడిగాను.

"చెప్పిన అని అన్న. ఇన్నడు అని అన్న." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మంచిదాయె అన్నడు. గంతే, మళ్ళ కిటికీ దిక్కు తిరిగిండు."

వానాకాలం మొదట్లో ఆయన పోయారు. నిద్రలోనే. పొద్దున అక్క చాయ్ తీసుకొచ్చి లేపితే లేవలేదు. కబురు తెలియగానే లాడ్జివాళ్ళం రెండు కార్లలో బోధన్ వెళ్ళాం. దారిలో కాలువ గట్టు దగ్గర బండి ఆపమన్నాను. తుమ్మలు పూత మీద ఉన్నాయి, పసుపుపచ్చని చిన్న చిన్న కుచ్చుల్లాంటి పూలు. తలా ఒక రెమ్మ విరుచుకున్నాం. హెడ్‌మాస్టర్ సాబ్‌కు వేళ్ళలో పట్టు లేదు, ఆయనకు నేను విరిచి ఇచ్చాను.

వాకిట్లో పాడె సిద్ధంగా ఉంది. నాందేడ్ నుంచి కూతురు అప్పుడే దిగింది. మేము వరుసగా వచ్చి రెమ్మలు పెట్టబోతుంటే ఆయన తమ్ముడు అడ్డం వచ్చాడు.

"ఏందయ్యా గిది? సచ్చినోని మీద ముండ్లకంప పెడ్తరా? గిదేం పద్ధతి?"

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా గొణిగారు. జాదూఘర్ అన్న మాట ఎవరి నోటి నుంచో వినబడింది. ఆ తమ్ముడి కోపంలో తప్పు లేదు. అన్నను పోగొట్టుకున్న మనిషి, ఎవరో తెలియనివాళ్ళు వచ్చి ముళ్ళు పెడుతుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. మేము వెనక్కి తగ్గాం. పెట్టకుండా చేతిలోనే పట్టుకొని నిలబడదామని హెడ్‌మాస్టర్ సాబ్ సైగ చేశారు.

అప్పుడు అక్క లేచి వచ్చింది. ఆడవాళ్ళు పట్టుకున్నా ఆగలేదు.

"ఎండకాలం చెట్లన్నీ ఎండిపోయినా గదొక్కటి పచ్చగుంటది. గందుకు తెచ్చిండ్రు," అని మరిదితో చెప్పింది. "ఆయనకు ఇష్టమైందే. పెట్టనియ్యి."

నా చేతిలో ఉన్న రెమ్మ తీసుకుంది. వేళ్ళతో ఒక్కొక్క ముల్లూ విరిచి కింద వేసింది. ముళ్ళన్నీ పోయాక దాన్ని ఆయన ఛాతీ మీద పెట్టింది. తమ్ముడు కాసేపు చూసి, వంగి, హెడ్‌మాస్టర్ సాబ్ చేతిలోని రెమ్మ ముళ్ళు తానే తీయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి దగ్గర తీసుకొని ముళ్ళు తీసి ఇచ్చాడు. మేము పెట్టాం. పాడె లేచింది.

దినాలు అయ్యాక అస్థికలు గోదావరిలో కలపడానికి పోచంపాడ్ వెళ్ళాం. అక్క, కూతురు, మరిది, నేను. నా కారులోనే. ఎగువన వానలు బాగా పడ్డాయి, డ్యాం గేట్లు ఎత్తారు. నీళ్ళ మోతకు మాట వినబడటం లేదు. చూడడానికి వచ్చిన జనం ఫోటోలు దిగుతున్నారు, వేయించిన చేపలు అమ్ముతున్నారు. మేము దిగువకు పోయి, నీరు నెమ్మదిగా ఉన్న చోట పని పూర్తి చేశాం. కుండలోది నీళ్ళలో పడగానే కొంచెం తెల్లగా తేలి, ఒక్క మలుపు తిరిగి, కనబడకుండా పోయింది.

అక్క గట్టు మీద కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను.

"ఇగ గా మాట ఆడ ఎవరు చెప్తరు?" అని అడిగింది.

"నేనే చెప్తున్న అక్కా."

"మంచిగ చెప్పు. ఇన్నోళ్ళను ఇంటికి పోయినంక పెండ్లాలకు గూడ చెప్పుమను."

అలా చెప్పే పద్ధతి మాలో లేదు. అయినా ఆ తర్వాత భోజనాల దగ్గర ప్రతి కొత్తవాడికీ నేను ఆ మాట అంటున్నాను. కొందరు నవ్వుతారు. ఒకరిద్దరు నవ్వరు.

తిరుగు దారిలో ముప్కాల్‌లో మా అన్న ఇంటి దగ్గర ఆగాం. చావు జరిగిన ఇంటివాళ్ళని వెంటబెట్టుకొని వచ్చానే అని నాకు లోపల కొంచెం బెరుకుగానే ఉంది. మా వదిన అదేమీ పట్టించుకోలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, లోపలికి రమ్మని, పొయ్యి దగ్గర కూర్చొని జొన్న రొట్టెలు కొట్టింది. పచ్చిపులుసు, కాల్చిన వంకాయ తొక్కు. కూతురు సరిగా తినలేకపోయింది. అక్క మాత్రం నెమ్మదిగా, తునక విడువకుండా తిన్నది. ఆకలైనట్టే ఇన్ని రోజులు తెలియలేదని అంది. రొట్టె అయిపోయాక మా వదిన ఇంకోటి వేస్తుంటే వద్దనలేదు.

"పులుసు మంచిగున్నది బిడ్డా, ఇంకింత పొయ్యి," అని గిన్నె ముందుకు జరిపింది.